గాలికి పోవు చమురు

పరదేశపు చమురుపై ఆధారపడి బ్రతుకు దేశమునకు స్వాతంత్ర్యము సంపూర్ణము గాదను మాట తరచుగ వినబడుచున్నది. అందు సత్యము లేకపోలేదు. 2023-24 సంవత్సరమున భారతదేశము సుమారు 23 కోట్ల టన్నుల ముడిచమురును విదేశములనుండి తెప్పించుకొనినది. అందుకై చెల్లించిన సొమ్ము 13 వేల కోట్ల డాలర్లకు పైమాట. మనము వాడు ముడిచమురులో నూటికి 85 వంతులకు మించి సముద్రము దాటి వచ్చునదే. హోర్ముజు జలసంధిలో ఓడలు నిలిచిపోయినచో మదనపల్లెలో టమాటా గంపల బాడుగ పెరుగును. ఈ పరాధీనతను గూర్చి సభలలో ఉపన్యసించువారికి కొదువ లేదు. క్రొత్త చమురుబావులు త్రవ్వవలెనని యొకరు, విద్యుత్తుతో నడచు బండ్లు రావలెనని యొకరు, చెఱకునుండి సారాయము తీసి పెట్రోలులో కలుపవలెనని మరియొకరు చెప్పుచున్నారు. ఇవన్నియు జరుగవలసినవే. కాని ఇవి జరుగులోపల, కోట్ల పెట్టుబడియు, పార్లమెంటు చట్టమును అక్కరలేక, నేటి తెల్లవారుజామున ఎవరికి వారు చేసికొనదగిన పని యొకటి కలదు. అది బండి చక్రములో తగినంత గాలి ఉంచుట.

ఈ మాట విని నవ్వుకొనువారుందురు. దేశభాగ్యమెక్కడ, టైరులోని గాలి యెక్కడ యని వారి ప్రశ్న. 1930 లో చిటికెడు ఉప్పును జూచియు ఏలినవారు ఇట్లే నవ్విరి. అల్పవస్తువు కోట్లమంది చేతిలో పడినపుడు అల్పముగా నుండదు. ఒంటి నూలుపోగు చిన్నబిడ్డ చేతికిని తెగును. పడుగును పేకయునై కలిసిన పిమ్మట అది వస్త్రమగును. పొదుపును అట్టిదే.

మన జిల్లాలలో నేడు సరకు మోయుచున్నది లారీ యొక్కటియే కాదు. గుంటూరు మిరప యార్డుకు బస్తాలు తెచ్చునది, నూజివీడు తోటలనుండి మామిడికాయలు తరలించునది, భీమవరము, ఆకివీడు చెరువులనుండి చేపలను మంచుపెట్టెలలో మోయునది, బోయినపల్లి మార్కెట్టుకు కూరగాయలు చేర్చునది, పెక్కు వేళల చిన్న పికప్ బండియే. 2005 లో టాటా ఏస్ వీధికెక్కినది మొదలు ఈ తరగతి బండ్లు పల్లెపల్లెకును వ్యాపించినవి. బొలెరో పికప్పులు, దోస్త్ బండ్లు లేని మండలకేంద్రము నేడు కానరాదు. వీని యజమానులలో చాలమంది ధనికులు కారు. యజమానియే డ్రైవరు, డ్రైవరే కూలీ. నెలనెలా కిస్తీ కట్టవలెను. బాడుగ పోటీలో తగ్గుచుండును. డీజిలు మాత్రము తగ్గదు. అట్టివాని జేబులోనుండి ఆదా కాదగిన ప్రతి లీటరును అతని బిడ్డల చదువునకు పోవునదే.

గాలికిని చమురునకును గల సంబంధమేమి? బండి బరువును మోయునది టైరు రబ్బరు గాదు, అందులో బిగబట్టబడిన గాలి. గాలి తగ్గినపుడు టైరు నేలపై ఎక్కువగ పరచుకొనును. చక్రము తిరిగిన ప్రతిసారియు ఆ పరచుకొనిన భాగము వంగి, మరల సాగి, తన రూపమునకు వచ్చును. రబ్బరును వంచుటకు పట్టిన శక్తి యంతయు తిరిగి రాదు. కొంత వేడిగా మారి పోవును. గాలి తక్కువైన బండిని దూరము నడిపి టైరుపై చేయి పెట్టినవారికి ఆ వేడి తెలియును. ఆ వేడి డీజిలు కాలి వచ్చినదే, డబ్బిచ్చి కొన్నదే. ఇసుకలో ఎడ్లబండి లాగు ఎద్దు నురుగులు గ్రక్కుటయు, గట్టినేలపై అదే యెద్దు సుఖముగ నడచుటయు మనవారెరుగని విషయము గాదు. గాలి తగ్గిన టైరు గట్టి తారురోడ్డునే ఇసుకబాటగా మార్చుచున్నది.

లెక్క చూతము. టైరులోని గాలిని చదరపు అంగుళమునకు ఇన్ని పౌనులని కొలుతురు. పంక్చరు దుకాణములో 35 అన్నను, 50 అన్నను ఆ పౌనులే. నాలుగు చక్రములలోను సగటున ఒక్కొక్క పౌను తగ్గినకొలది ఇంధన ప్రయోజనము నూటికి 0.2 వంతు చొప్పున తగ్గునని అమెరికా ప్రభుత్వ ఇంధనశాఖవారు తేలికపాటి వాహనములను గూర్చి ప్రకటించియున్నారు. గాలి సరిగా నుంచుటవలన సగటున నూటికి 0.6 వంతును, మిక్కిలి అశ్రద్ధ చేయబడిన బండ్లలో 3 వంతుల వరకును లాభించునని వారి లెక్క. ఇది పెద్ద సంఖ్య గాదు. పెద్దదని చెప్పి పాఠకులను మోసపుచ్చుట మా యుద్దేశము గాదు. "గాలి సరిచేసితిని, మైలేజి సగానికి సగము పెరిగినది" యని చెప్పువాని మాట నమ్మరాదు. కాని చిన్న సంఖ్య దినదినమును కూడినచో ఎంతగునో గమనింపవలెను. ఒక పికప్ దినమునకు 100 కిలోమీటర్లు, ఏటికి 300 దినములు తిరిగినచో 30,000 కిలోమీటర్లు. లీటరునకు 12 కిలోమీటర్లు వచ్చునని యెంచినచో 2,500 లీటర్లు పట్టును. ఆరు నెలలు గేజి ముఖము చూడని బండిలో సగటున 10 పౌనులు తగ్గియున్నవనుకొందము. నూటికి 2 వంతులు, అనగా 50 లీటర్లు నష్టము. లీటరు నూరు రూపాయలుగ లెక్కించినచో 5,000 రూపాయలు. అట్టి బండ్లు లక్ష యున్నచో 50 లక్షల లీటర్లు! ఇది ఎవరును దొంగిలించినది గాదు. ఎవరికిని ఉపయోగపడినది గాదు. కేవలము రోడ్డుపై వేడియై పోయినది.

దీనికి టైరు అరుగుదల తోడు. గాలి తగ్గిన టైరునకు అంచులు రెండును త్వరగా అరిగిపోవును. ఆ రబ్బరైనను అంతయు మనది గాదు. కేరళమును త్రిపురయు ఎంత పండించినను మన ప్రకృతిసిద్ధమైన రబ్బరు వినియోగము ఉత్పత్తిని మించియేయున్నది. తక్కువపడినది విదేశములనుండియే వచ్చుచున్నది. ఒక్క నిర్లక్ష్యమునకు రెండు దిగుమతులు!

రబ్బరు విలువ కష్టకాలముననే తెలియును. 1942 లో జపాను మలయాను, డచ్చి తూర్పుదీవులను ఆక్రమింపగానే అమెరికాకు రబ్బరు దారి మూతపడెను. తైలసమృద్ధి గల ఆ దేశము ఆ సంవత్సరాంతమున దేశమంతట పెట్రోలును రేషనులో పెట్టినది పెట్రోలు లేక కాదు. ప్రజలు బండ్లు తక్కువగ నడిపినగాని టైరులు మిగులవని. గంటకు 35 మైళ్లకు మించి పోరాదని శాసించినదియు అందుకే. ఆ దినములలోనే మన రాష్ట్రమున బస్సులు వెనుక బొగ్గుకుంపటి తగిలించుకొని, కొండయెక్కలేక, ప్రయాణికులచే నెట్టించుకొనుచు నడచినవి. ఆ బొగ్గుబస్సుల కథలు ముసలివారి నోట విన్నవారు ఇప్పటికిని ఉన్నారు. విపత్తు వచ్చిన పిమ్మట నిర్బంధముచేత నేర్చుకొను పొదుపుకంటె, విపత్తునకు ముందే స్వేచ్ఛగా అలవరచుకొను పొదుపు మేలు గదా.

అయితే గాలి ఎంత ఉంచవలెను? ఇచ్చటనే మన డ్రైవరు సోదరులు రెండు విధముల పొరపడుచున్నారు. కంటికి నిండుగా కనబడినచో చాలునని కొందరు కొలుచుటయే మానుచున్నారు. నేటి టైరులు పది పౌనులు తగ్గినను కంటికి తేడా చూపవు. మరికొందరు ఎక్కువ గాలి యున్న ఎక్కువ మైలేజి యని విని, టైరు ప్రక్కన అచ్చొత్తియున్న అంకె చూచి, అంతవరకును బిగించుచున్నారు. ఆ అంకె టైరు తాళగల గరిష్ఠపు హద్దు. అది బండికి తగిన కొలత గాదు. బండికి తగిన కొలతను బండి చేసినవారే తలుపు దగ్గర చీటీపై గాని, తమ పుస్తకములో గాని ముద్రించి యుందురు. ముందు చక్రముల కొకటి, వెనుక చక్రముల కొకటి. కొన్ని బండ్లకు ఖాళీగా నున్నపు డొకటి, బరువుతో నున్నపు డొకటి. హద్దుమీరి బిగించిన టైరు నడుము మాత్రమే నేలను తాకును. నడుమ త్వరగా అరుగును. వానలో పట్టు తప్పును. బ్రేకు వేసినను బండి జారిపోవును. గుంతలో పడినపుడు దెబ్బ మెత్తబడక లోపలి దారములు తెగును. అరలీటరు డీజిలునకై ప్రాణమును పణము పెట్టుట పొదుపు గాదు.

తక్కువ గాలి చేయు హాని యెట్టిదో తెలుపు ఉదాహరణము అమెరికాలో కలదు. రేంజరు పికప్ బండి చట్రముపై ఆధారపడి నిర్మింపబడిన ఫోర్డు ఎక్స్‌ప్లోరరు బండ్లకు ఫైర్‌స్టోను టైరులు వేసి, 26 పౌనుల గాలి చాలునని బండి కంపెనీవారు సూచించిరి. టైరు కంపెనీవారు 30 ఉండవలెననిరి. ఎండకాలములో, వేగములో, ఆ టైరుల పైపట్టీలు ఊడి బండ్లు బోర్లపడి, రెండువందలకు పైగా ప్రజలు మరణించిరి. 2000 ఆగస్టులో 65 లక్షల టైరులను వెనుకకు తీసికొనవలసి వచ్చెను. తయారీలోను లోపములు గలవని తేలినమాట నిజమే. కాని గాలి తక్కువగుటచే పుట్టిన వేడి ఆ లోపములను మృత్యువుగా మార్చినది. ఆ సంవత్సరమే అచ్చటి శాసనసభ చట్టము చేసినది. దానిననుసరించి 2007 సెప్టెంబరు మొదలు తేలికపాటి క్రొత్త బండ్లన్నిటికిని గాలి తగ్గినపుడు హెచ్చరించు దీపము తప్పనిసరియైనది. అయితే ఆ దీపము గాలి నూటికి 25 వంతులు తగ్గినగాని వెలుగనక్కరలేదు. 40 పౌనులుండవలసినచోట 30 అగువరకును అది మౌనముగ నుండవచ్చును. కావున దీపము గల బండివానికిని గేజి తప్పదు. దీపము లేని మన చిన్న బండివాని సంగతి చెప్పనేల?

సరియైన కొలతకు సూత్రములు కొన్నియే. మొదటిది: బండి చల్లగ నున్నపుడే కొలువవలెను. వేడి సుమారు 5 లేక 6 డిగ్రీలు పెరిగినచో గాలి ఒక పౌను పెరుగును. బెజవాడ వేసవిలో తెల్లవారుజామునకును మిట్టమధ్యాహ్నమునకును 15 డిగ్రీల తేడా యున్నచో మూడు పౌనులు ఊరకయే పెరుగును. పరుగువేడి అందుపై అదనము. నడిరోడ్డుపై కొలిచి, "ఎక్కువైనది" యని గాలి వదలినవాడు మరునాటి యుదయమునకు గాలి తక్కువైన బండితో బయలుదేరును. వేడిలో పెరిగిన గాలిని వదలరాదు. రెండవది: బరువు నెరుగవలెను. కన్నుతో గాక కాటాపై నొకసారి తూచి చూచినవానికి వెనుక ఇరుసుపై ఎంత పడుచున్నదో తెలియును. మూడవది: పోవునపుడు నిండుబండి, వచ్చునపుడు ఖాళీబండి యగువాడు పూటపూటకు గాలి మార్చలేడు గనుక, బరువు మోయుకాలపు కొలతనే ఉంచుట మేలు. ఖాళీగా వచ్చునపుడు కొంత ఎగుడుదిగుడు ఓర్చుకొని, తడిరోడ్డుపై నెమ్మదిగా నడపవలెను. నిండుబండికి ఖాళీకొలత మాత్రము ఎన్నడును పనికిరాదు. నెలల తరబడి బరువు లేకుండ తిరుగువాడు ఖాళీకొలతకు దింపుకొనవచ్చును. నాల్గవది: బండితో వచ్చిన టైరు మార్చి వేరు కొలతదో, వేరు బలముదో వేసినచో పాత చీటీ చెల్లదు, టైరు చేసినవారి పట్టిక నడుగవలెను. ఐదవది: స్టెప్నీని మరువరాదు. అక్కరపడిన రాత్రి అది చప్పబడియున్నచో ఐదవ చక్రము అలంకారమాత్రమే.

గాలి యొక్కటియే చాలునని మా వాదము గాదు. వేగము పెరిగినకొలది ఎదురుగాలి అడ్డు వేగపు వర్గముతో పెరుగును. గంటకు 60 నుండి 80 కి పెంచినవాడు ఆ అడ్డును ఇంచుమించు రెండింతలకు చేర్చుకొనుచున్నాడు. క్యాబినుకంటె ఎత్తుగ కట్టిన సరకు, చక్రమును పట్టుకొని వదలని బ్రేకు, నిలిచియున్న బండిలో ఊరక తిరుగు ఇంజను, ఇవన్నియు డీజిలు త్రాగునవే. వెనుక తలుపు దించి నడిపినచో గాలి దూసుకొనిపోయి మైలేజి పెరుగునని అమెరికా పికప్‌వారు చిరకాలము నమ్మిరి. పరీక్షింపగా తేలినది వేరు: తలుపు మూసియున్నపుడు తొట్టెలో ఏర్పడు గాలిసుడియే పైగాలిని మెల్లగ దాటించును. నమ్మకముకంటె కొలత నమ్మదగినది.

అట్లే, నైట్రోజను నింపెదమని డబ్బు తీసికొను దుకాణములు వెలసినవి. మనము పీల్చు గాలిలో నూటికి 78 వంతులు నైట్రోజనే. మిగిలిన కొద్దిపాటి లాభమునకై పేదవాడు వెల చెల్లింపనక్కరలేదు. నెలకు రెండుమార్లు సరిచూచు మామూలు గాలి, మూడు నెలలు చూడని నైట్రోజనుకంటె శ్రేష్ఠము.

ఇక అధికబరువు సంగతి. గాలి పెంచినచో ఎంత బరువైనను మోయునను భ్రమ కలదు. టైరునకు హద్దు గలదు, ఇరుసునకు హద్దు గలదు, బ్రేకునకు హద్దు గలదు. 2019 సవరణచే మోటారు వాహనముల చట్టము 194వ సెక్షను క్రింద అధికబరువునకు 20,000 రూపాయల జరిమానా, పైబడిన ప్రతి టన్నునకు మరి 2,000 విధింపబడుచున్నవి. జరిమానా భయముకంటె పెద్ద భయము వేరొకటి. మిరపకోతలకు, నాట్లకు పోవు కూలీ స్త్రీలను సరకుబండి వెనుక నిలువబెట్టి తరలించుట చట్టవిరుద్ధమైనను జరుగుచునేయున్నది. ఒక అరిగిన, గాలి తగ్గిన టైరు పగిలెనేని ఎన్ని యిండ్ల దీపములు ఆరునో!

అట్టివేళ "టైరు పగులుట దైవకృత్యము, మానవుడేమి చేయగలడు?" అని వాదించుట పరిపాటి. న్యాయస్థానములు ఈ వాదమును అంగీకరించుట లేదు. 2010 లో జరిగిన ఒక ప్రమాదమును గూర్చి బీమా సంస్థ యొకటి ఈ వాదమునే చేయగా, 2023 లో బొంబాయి హైకోర్టు దానిని త్రోసివేసినది. భూకంపము దైవకృత్యము కావచ్చును. టైరు పగులుట మానవ నిర్లక్ష్యమని తీర్పు వచ్చినది. గాలి యెంత యున్నదో చూడక, టైరు స్థితి పరికింపక బయలుదేరినవాడు దైవమును సాక్షిగా పిలువజాలడు. ఈ తీర్పు మన యజమానులును, డ్రైవరులును చెవిని పెట్టుకొనవలసినది.

పేదవానిపై బాధ్యతనంతయు మోపి తక్కినవారు తప్పించుకొనుటయు న్యాయము గాదు. పెట్రోలు బంకులలో గాలి ఉచితముగ నీయవలెనన్నది చమురు కంపెనీలు తమ డీలర్లకు విధించిన నియమమే. కాని ఎన్నో బంకులలో యంత్రము పాడైయుండును, లేదా పట్టువాడుండడు, లేదా గేజి చెప్పునది నమ్మరాదు. తక్కువ తూచు రాళ్లను పట్టుకొను తూనికలు కొలతల శాఖవారు తప్పుచెప్పు గాలిగేజిని ఉపేక్షింపనేల? ఏటేట వానిని సరిచూచి ముద్ర వేయవలెను. 1978 నుండి పెట్రోలియము పొదుపును బోధించుచున్న ప్రభుత్వ సంస్థ కలదు. దాని బోధ నగరములలోని సభామందిరములు దాటి మార్కెట్టు యార్డుల గేట్లకడకు, తెలుగు అక్షరములతో, రావలెను. సరకు దించుకొనుటకు బండ్లు గంటల తరబడి బారులుతీరు గుంటూరు యార్డు వంటి చోట ఒక గాలియంత్రము, ఒక నమ్మదగిన గేజి పెట్టుట కెంత ఖర్చు? బండి అమ్మునపుడు తాళముతోపాటు ఒక గేజి నిచ్చుట కంపెనీలకు భారమా? అప్పు ఇచ్చునపుడు ఇరువది సంతకములు పుచ్చుకొను ఫైనాన్సువారు ఇరువది నిముషములు ఈ బోధ చేయించరాదా?

"మాకు తీరిక లేదు" అని డ్రైవరులు చెప్పుదురు. తెల్లవారుజామున బండి కదలకముందు నాలుగు చక్రములు చూచుటకు ఐదు నిముషములు చాలును. దుక్కికి పోవు రైతు కాడికట్టుముందు ఎద్దు గిట్టలు చూచును; నావికుడు తెరచాప ఎత్తుముందు దాని కుట్లు చూచును. చక్రముపై బ్రతుకువాడు చక్రమును చూడకుండుట తగునా? గేజి యొకటి కొని బండిలో ఉంచుకొనవలెను. పక్షమున కొకమారు, వాతావరణము మారినపుడెల్ల ఒకమారు, కొలిచి చీటీలో వ్రాయవలెను. ఏ చక్రము మాటిమాటికి తగ్గుచున్నదో ఆ వ్రాతయే చెప్పును. మేకు ఎక్కడ దిగినదో అదే చూపును.

చదువుకొనినవారికి తుదకు ఒక మనవి. మీ వీధిలో పికప్ నడుపు పొరుగువానికి ఈ మాటలు చదివి వినిపింపుడు. గ్రంథాలయములో ఒక సాయంకాలము డ్రైవరులను పిలిచి, ఒక గేజి తెప్పించి, చేతికిచ్చి చూపుడు. పఠనమందిరములు కవిత్వచర్చకే పుట్టలేదు; ప్రజల జీవితమునకు పనికివచ్చు విద్యను పంచుటకే మన పెద్దలు వానిని స్థాపించిరి. మన బొక్కసమునుండి పరదేశములకు పోవు ధనమును ఆపుటకు పెద్ద ద్వారములు మూయవలసినవి చాల కలవు. అవి ప్రభుత్వము చేయవలసిన పని. చక్రపు వాల్వుపై మూత బిగించుట మాత్రము మన చేతిపని. ముందు దానిని చేసి, పిదప ప్రభుత్వమును నిలదీయుదము. అప్పుడు మన ప్రశ్నకు బలము చేకూరును.